అరవై రెండు వేలే తిరిగింది, కానీ పదహారేళ్లయింది

పోయిన ఏడాది వేసవిలో మా కారు అమ్మేద్దామా అని ఒక బ్రోకర్‌ని చెన్నై పెరంబూరులోని ఇంటికి పిలిపించాం. 2009లో నాన్న కొన్న చిన్న పెట్రోల్ బండి అది. నాన్న ఆఫీసుకు లోకల్ ట్రైన్‌లోనే వెళ్లేవారు. కారు బయటికి తీసేది పండగలకు, పెళ్లిళ్లకు, ఏడాదికోసారి తిరుపతికి. బ్రోకర్ మీటర్ చూసి, "62 వేలే తిరిగింది సార్, ఇంజిన్ కొత్తదే అనుకోండి" అన్నాడు. ఆ మాట విని అమ్మడం మానుకున్నాం.

పది రోజుల తర్వాత తిరుపతి వెళ్తుంటే నగరి దాటాక టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీదికి ఎక్కింది. రోడ్డు పక్కన చింతచెట్టు కింద ఆపి బానెట్ ఎత్తాం. రిజర్వ్ డబ్బాలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) పైదాకా నిండి బయటికి పొర్లుతోంది. ముప్పావు గంట ఆగి, ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి చూస్తే లోపల కూలెంట్ అడుక్కు దిగి ఉంది. డబ్బాలో పొర్లేంత ఉంది, రేడియేటర్‌లో లేదు. దీని అర్థం ఆ రోజు నాకు తెలియలేదు. తెలిసుంటే ఇద్దరు మెకానిక్‌ల దగ్గర తిరిగే పని ఉండేది కాదు.

కారు వయసును మనం కిలోమీటర్లలో లెక్కపెడతాం. లోహపు భాగాల విషయంలో ఆ లెక్క సరే. పిస్టన్, గేర్, బేరింగ్ తిరిగితేనే అరుగుతాయి. కానీ కారులో లోహంతో పాటు రబ్బరు ఉంది, ప్లాస్టిక్ ఉంది, నాలుగైదు రకాల ద్రవాలున్నాయి. ఇవి కారు నిలబడి ఉన్నా పాడవుతూనే ఉంటాయి. ఎండకు రబ్బరు గట్టిపడి పగులుతుంది, ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీలుస్తుంది. తక్కువ తిరిగిన పాత కారుకు ఇంకో ఇబ్బంది ఉంది. పాలకు, మందులకు రెండు కిలోమీటర్లు వెళ్లి వచ్చేస్తే ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరి కాదు. అందుకే సర్వీస్ పుస్తకంలో "10,000 కిలోమీటర్లు లేదా ఏడాది" అని రాసినప్పుడు, పాత కారు ఉన్నవాళ్లు చదవాల్సింది రెండో సగం. మేము పదిహేనేళ్లు మొదటి సగమే చదివాం.

ముందు కూలింగ్ సంగతి. చెన్నైలో పాత కారుకు ప్రాణం మీదికి తెచ్చేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

మామూలుగా నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. ఇంజిన్ లోపల కొన్ని చోట్ల వేడి అంతకంటే ఎక్కువ. అక్కడ కూలెంట్ మరిగి ఆవిరైతే ఇంజిన్ గోడల నుంచి వేడిని లాగేది ఉండదు. దీనికి రెండు ఉపాయాలు చేశారు. ఒకటి, నీళ్లలో గ్లైకాల్ అనే ద్రవం (షాపులో అమ్మే కూలెంట్‌లో ఉండేది ఇదే) కలపడం. రెండోది, మూత బిగించి ఒత్తిడి పెంచడం. ప్రెషర్ కుక్కర్‌లో పప్పు త్వరగా ఉడికేది ఏ సూత్రం మీదో, ఇదీ అదే సూత్రం. ఒత్తిడి పెరిగితే మరిగే ఉష్ణోగ్రత పైకి జరుగుతుంది. సగం కూలెంట్, సగం నీళ్లు పోసి మంచి మూత బిగిస్తే లోపలిది సుమారు 125 డిగ్రీల దాకా మరగదు. ఆ మూత మీద 0.9 అనో 1.1 అనో ఒక అంకె ఉంటుంది. ఎంత ఒత్తిడి దాటితే మూత తెరుచుకోవాలో చెప్పే అంకె అది.

కుక్కర్ వెయిట్‌కు లేని పని ఇంకొకటి ఈ మూత చేస్తుంది. అడుగున పెద్ద స్ప్రింగ్, రబ్బరు వాషర్, ఆ వాషర్ నడుమ గుండీ అంత చిన్న వాల్వ్ ఉంటాయి. వేడెక్కి పొంగిన కూలెంట్‌ను పెద్ద స్ప్రింగ్ రిజర్వ్ డబ్బాలోకి వదులుతుంది. ఇంజిన్ చల్లారాక రేడియేటర్‌లో ఖాళీ ఏర్పడితే, ఆ చిన్న వాల్వ్ తెరుచుకుని డబ్బాలోని కూలెంట్‌ను తిరిగి లోపలికి రానిస్తుంది. వెళ్లింది వెనక్కి రావాలి. మా కారులో వెళ్లింది వెళ్లినట్టే ఉండిపోయింది.

దారిలో చూపిస్తే ఒకాయన రేడియేటర్ మార్చాలన్నాడు. చెన్నై వచ్చాక ఇంకొకాయన వాటర్ పంప్ అన్నాడు. చివరికి మా వీధి మేస్త్రి దగ్గరికి వెళ్లి, డబ్బా నిండింది, రేడియేటర్ ఖాళీ అయింది అని చెప్పగానే, ఆయన మిగతావి ముట్టుకోకుండా మూత తీసి చేతిలో తిప్పాడు. వాషర్‌ను గోటితో నొక్కి చూపించాడు. రబ్బరు వంగలేదు, చెక్కలా ఉంది, అంచున వెంట్రుకవాసి పగులు. నడిమి వాల్వ్‌ను వేలితో లాగితే తుప్పుతో బిగుసుకుపోయి కదలనే లేదు. "ఇది ఎప్పుడు మార్చారు సార్?" అని అడిగాడు. కొన్నప్పటి నుంచీ అదే మూత. కొత్తది కొన్ని వందల రూపాయలు. జనరల్ మోటార్స్ కార్లకు 1990ల నుంచి రేడియేటర్ మూతలు మన చెన్నై కంపెనీ సుందరం ఫాస్టెనర్స్ నుంచి వెళ్లాయి. అంత పేరున్న వస్తువు చేసే కంపెనీ మన ఊళ్లోనే ఉన్నా, దాన్ని మార్చాలన్న ఆలోచనే మాకు రాలేదు.

మూత ఒక్కటి మార్చి వదిలేయలేదు. ఇన్నేళ్లూ కూలెంట్ తగ్గినప్పుడల్లా బోరు నీళ్లు పోశాం. చెన్నైలో చాలా చోట్ల బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. ఉత్తరాన మీంజూరు వైపు సముద్రపు నీరే భూగర్భంలోకి చొచ్చుకొచ్చింది. ఇంట్లో గీజర్ కాయిల్‌కు పట్టే తెల్లటి పొరే రేడియేటర్ సన్నటి గొట్టాల లోపలా పడుతుంది. పైగా కూలెంట్‌లో తుప్పును ఆపే రసాయనాలుంటాయి. నీళ్లు కలిపేకొద్దీ అవి పలచబడిపోతాయి. రెండుసార్లు ఫ్లష్ చేస్తే ఇటుక రంగు నీళ్లు వచ్చాయి. ఇప్పుడు బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటరే వాడుతున్నాం. నీళ్లు కలిపే పని లేకుండా రెడీమిక్స్ కూలెంట్ కూడా దొరుకుతుంది, ఇంట్లో చేసుకునేవాళ్లకు అదే నయం.

కారు వేడెక్కుతోందని మెకానిక్ దగ్గరికి వెళ్లే ముందు, ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. సగం జవాబు అందులోనే ఉంది. ట్రాఫిక్‌లో నిలబడితే ముల్లు పైకెళ్లి, రోడ్డు ఖాళీ దొరికి వేగం అందుకోగానే దిగిపోతే అనుమానం ఫ్యాన్ మీద, దాని రిలే మీద, సెన్సార్ మీద. వేగంగా వెళ్లేటప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్‌దే. ఏసీ వేసి బానెట్ ఎత్తి చూస్తే చాలా కార్లలో ఫ్యాన్ తిరుగుతుండాలి. అలా కాకుండా హైవే మీద వేగం పెంచినప్పుడే వేడెక్కుతుంటే, కూలెంట్ సరిగ్గా పారడం లేదని అర్థం. రేడియేటర్ పూడి ఉండొచ్చు, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌కు దారి తెరిచే వాల్వ్) సగమే తెరుచుకోవచ్చు, వాటర్ పంప్ రెక్కలు తినేసి ఉండొచ్చు. ఎక్కడా కారినట్టు కనిపించకుండా కూలెంట్ తగ్గిపోతూ, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకుండా వస్తూ, ఆయిల్ మూత కింద పాలు కలిపిన కాఫీలాంటి జిగురు కనిపిస్తే హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీల్, పోయినట్టు. ఆ కారును ఇక నడపకూడదు, లాగించుకుని వెళ్లాలి.

ముల్లు ఎర్ర గీత తాకాక "ఇంకో రెండు కిలోమీటర్లేగా, ఊరు వచ్చేస్తుంది" అనుకోవడం చాలా ఖరీదైన పొరపాటు. ఇంజిన్ పైభాగం అల్యూమినియం. వేడికి వంగిందంటే దాన్ని విప్పి చదును చేయించాలి. వెంటనే ఆపే వీలు లేనిచోట ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, అద్దాలు దించితే కొంత వేడి కారు లోపలికి వచ్చేస్తుంది. అది ఆగే చోటు దొరికేదాకా పనికొచ్చే ఉపాయం, అంతే. వేడి మీద ఉన్న మూతను మాత్రం ఎవరెన్ని చెప్పినా తిప్పకూడదు. ఒత్తిడి తగ్గగానే లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి కొడతాయి.

రబ్బరు విషయంలో మిగతావన్నీ ఇదే బాపతు. పొద్దున్నే చల్లటి ఇంజిన్ మీద రేడియేటర్ హోస్ పైపులను చేత్తో పిసకండి. బొంగులా గట్టిగా ఉన్నా, మెత్తగా ఉబ్బినట్టున్నా, నొక్కినప్పుడు కరకరమన్నా మార్చే వేళైంది. ముందు చక్రాల లోపల యాక్సిల్ బూట్ (యాక్సిల్ కీలుకు తొడిగిన రబ్బరు తొడుగు) పగిలితే గ్రీజు చక్రం లోపలి అంచున చిమ్మి నల్లగా కనిపిస్తుంది. ఆ దశలో పట్టుకుంటే బూటుతో పోతుంది, వదిలేస్తే యాక్సిలే మార్చాలి. టైర్ పక్కన గుడ్డు ఆకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనదని. గాడి లోతుగా ఉన్నా, ఆరేడేళ్లు దాటి పక్క గోడల మీద సన్నటి పగుళ్లు కనిపిస్తే మన ఎండల్లో ఆ టైర్‌తో హైవే ఎక్కడం నాకు ఇష్టం లేదు. పాత కార్లలో అన్నిటికంటే పాత టైర్ ఎప్పుడూ డిక్కీలోని స్టెప్నీయే, దాన్ని మర్చిపోవద్దు.

టైమింగ్ బెల్ట్ (పిస్టన్లకు తగ్గట్టు వాల్వ్‌లను తెరిచి మూయించే రబ్బరు బెల్ట్) ఉన్న ఇంజిన్ అయితే మాన్యువల్ తీసి ఎన్నేళ్లకు మార్చమన్నాడో చూడండి. కొన్ని ఇంజిన్లలో గొలుసు ఉంటుంది, దాని సంగతి వేరు. బెల్ట్ కవర్ వెనక ఉంటుంది కాబట్టి కంటికి కనిపించదు, తెగే ముందు శబ్దమూ చేయకపోవచ్చు. చాలా ఇంజిన్లలో అది తెగిందంటే పిస్టన్లు వెళ్లి వాల్వ్‌లను గుద్దుతాయి.

ఇక బ్రేక్. బ్రేక్ ఫ్లూయిడ్ తేమను పీలుస్తుందని పైన చెప్పాను కదా. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరితే అది 155కు దిగిపోతుంది. ఘాట్ రోడ్డు దిగేటప్పుడు బ్రేకులు వరుసగా వాడితే ఆ వేడికి ఫ్లూయిడ్‌లో బుడగలు పుడతాయి. బుడగను నొక్కితే నలుగుతుంది, ద్రవం నలగదు. అందుకే పెడల్ మెత్తగా లోపలికి వెళ్లిపోతుంది కానీ కారు ఆగదు. తిరుమల కొండ దిగే కుటుంబాలకు ఇది బాగా తెలియాలి. రెండేళ్లకోసారి ఫ్లూయిడ్ మార్చడం కిలోమీటర్లతో పని లేని ఖర్చు.

ఈ పని మేస్త్రి దగ్గర నేర్చుకుని, ఒకసారి ఆయన్ని పక్కన పెట్టుకుని ఇంట్లో చేశాం. మా అమ్మాయి సీట్లో కూర్చుని పెడల్ నొక్కి పట్టుకోవడం, నేను చక్రం దగ్గర పాత ఫ్లూయిడ్ బయటికి వదిలే నిపుల్ వదులు చేయడం. నొక్కబోయే ముందు మేస్త్రి పెడల్ కింద ఒక చెక్క ముక్క పెట్టించాడు. ఎందుకంటే, మామూలుగా బ్రేక్ వేసేటప్పుడు పెడల్ ఎప్పుడూ నేల దాకా వెళ్లదు. పెడల్ నొక్కితే ఫ్లూయిడ్‌ను చక్రాల వైపు తోసే మాస్టర్ సిలిండర్ లోపల ఆ చివరి భాగం పదిహేనేళ్లుగా ఏ రాపిడీ లేక తుప్పు పట్టి ఉంటుంది. ఇప్పుడు పెడల్‌ను నేల దాకా తొక్కితే రబ్బరు సీల్ ఆ గరుకు మీదికి వెళ్లి చిరుగుతుంది. బ్రేక్ పని చేయించుకున్న వారానికే మాస్టర్ సిలిండర్ పోయిందని పాత కార్లవాళ్లు వాపోవడం వెనక చాలాసార్లు ఉన్నది ఇదే.

కరెంటు సమస్యల్లో ఎక్కువ మోసపోయేది బ్యాటరీ దగ్గర. సెల్ఫ్ నీరసంగా తిరిగితే కొత్త బ్యాటరీ, అది వేసినా తీరకపోతే కొత్త సెల్ఫ్ మోటార్ అంటారు. నాలుగైదు వందలకు దొరికే మల్టీమీటర్ ఒకటి కొనుక్కుంటే ఈ చిక్కు ఇంట్లోనే విడిపోతుంది. రాత్రంతా ఆగిన కారు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం. ఇంజిన్ నడుస్తుండగా 14కు అటూ ఇటూ ఉండాలి. లేకపోతే ఆల్టర్నేటర్ (ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీని చార్జ్ చేసేది) చూపించాలి. ఇవన్నీ బాగున్నా సెల్ఫ్ నీరసిస్తే, మీటర్ ఒక పిన్ను బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఇంజిన్ లోహం మీద పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టుకు పైగా చూపించిందంటే ఎర్త్ వైరు దగ్గర తుప్పు అన్నమాట. సముద్రపు గాలి తగిలే ఊళ్లో ఇది మామూలే. బోల్టు విప్పి ఉప్పుకాగితంతో రుద్ది బిగిస్తే సరిపోతుంది. ఆ పని చేసేటప్పుడు బ్యాటరీ మైనస్ ముందు విప్పాలి, చివర్లో బిగించాలి.

పెట్రోల్ గురించి ఈ మధ్య అందరికీ టెన్షన్‌గా ఉంది. ఇ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ 2023 ఫిబ్రవరిలో బంకులకు రావడం మొదలై, 2025 నాటికి దేశమంతటా మామూలైపోయింది. దాన్ని తట్టుకునే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలతో కార్లు తయారవడం 2023 ఏప్రిల్ నుంచి మొదలైంది. ఇథనాల్‌లో లీటరుకు పెట్రోల్ కంటే సుమారు మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది కాబట్టి మైలేజీ కొంత తగ్గడం సహజం. ఇంజిన్ రేపే పేలిపోతుందన్నట్టు భయపడక్కర్లేదు. చూసుకోవాల్సింది పాత ఫ్యూయల్ హోసులు, వాటి జాయింట్లు. ఇథనాల్ కూడా నీటిని పీలుస్తుంది. సగం ట్యాంకుతో నెలల తరబడి నిలబెట్టే కారుకు అది మంచిది కాదు. బానెట్ ఎత్తగానే పెట్రోల్ వాసన వస్తే మాత్రం ఆ రోజు ఇక కారు తీయకండి. వేడి ఇంజిన్ మీద చుక్క పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

తుప్పు పట్టడానికి కారు బీచ్‌లోనే ఉండక్కర్లేదు. తలుపుల అడుగున అంచులో చిన్న రంధ్రాలుంటాయి. అద్దం సందుల్లోంచి దిగిన వాన నీళ్లు పోయేది వాటిలోంచే. మట్టి పూడితే నీళ్లు తలుపులోనే నిలిచి లోపలి నుంచి తింటాయి. పైన పెయింట్ ఉబ్బి బుడగ కనిపించేసరికి లోపల రేకు ఉండదు. పుల్లతో ఆ రంధ్రాలు శుభ్రం చేయడం అయిదు నిమిషాల పని. వైపర్ల కింద చేరే వేపాకు కూడా తీసేయాలి. వర్షాకాలంలో తడి కారు మీద కవర్ కప్పడం మానేశాం, తడి లోపలే ఉండిపోతోంది.

2015 డిసెంబర్ వరదలు, 2023లో మిచాంగ్ తుఫాను చూసినవాళ్లకు ఇంకో మాట. నీళ్లలో మునిగిన కారును నీళ్లు తీశాక "స్టార్ట్ అవుతుందేమో చూద్దాం" అని తాళం తిప్పకూడదు. సిలిండర్‌లోకి నీరు చేరి ఉంటే పిస్టన్ దాన్ని నలపలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు బ్యాటరీ మైనస్ విప్పి, కారును అలాగే లాగించుకెళ్లాలి.

ఇంట్లో ఎంతవరకు చేయొచ్చు అన్నదానికి నా హద్దు ఇది. కారు చక్రాల మీద నిలబడి ఉండగా చేయగలిగినవన్నీ నేర్చుకోవచ్చు. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, బ్యాటరీ, కూలెంట్, ఫ్యూజులు, బల్బులు, వైపర్లు. కారును ఎత్తాల్సిన పని వస్తే ఆలోచించాలి. డిక్కీలో ఇచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద నిలబెట్టిన కారు కిందికి ఎవరూ దూరకూడదు, చెయ్యి కూడా పెట్టకూడదు. జాక్ స్టాండ్లు ఉండాలి, నేల గట్టిగా, చదునుగా ఉండాలి. మన అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఇంటర్‌లాక్ టైల్స్ బరువుకు కుంగుతాయి. అందుకే ఆయిల్ మార్చడం నేను మానేసి మేస్త్రి పిట్‌కే తీసుకెళ్తున్నాను. తీసిన పాత ఆయిల్ అక్కడి డ్రమ్‌లోకే పోతుంది, మన వీధి కాలువలోకి పోదు. స్టీరింగ్, సస్పెన్షన్, ఎయిర్‌బ్యాగ్ వైర్లు నా చేతి పనులు కావు.

సామాన్లు కొనడానికి మౌంట్ రోడ్ దగ్గరి జీపీ రోడ్‌కి వెళ్తే పాత పార్ట్ చేతిలో పట్టుకెళ్లండి. కారు మోడల్, ఏడాది చెప్పినా ఒకే ఏడాదిలో రెండు రకాలు వచ్చినవి ఉంటాయి. పక్కపక్కన పెట్టి చూస్తేనే గ్యారంటీ. కారు కంపెనీ డబ్బాలో వచ్చేదాన్ని తయారుచేసే కంపెనీయే తన సొంత పేరుతో అదే వస్తువును తక్కువకు అమ్ముతుంటుంది. ఎవరు తయారుచేశారో పాత పార్ట్ మీదే అచ్చు ఉంటుంది, చదవండి. పుదుపేటలో విప్పిన కార్ల సామాన్లు దొరుకుతాయి. డోర్ హ్యాండిల్, అద్దం, హెడ్‌లైట్, డ్యాష్‌బోర్డ్ ముక్కలకు అంత మంచి చోటు ఇంకోటి లేదు. బ్రేక్, టైర్, రబ్బరు సామాను మాత్రం సెకండ్‌హ్యాండ్ వద్దు. ఆ కారు మన కారంత పాతదే కదా.

పదిహేనేళ్లు దాటితే కారు తుక్కుకే అని చాలామంది అనుకుంటారు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోల్ లెక్క ఢిల్లీ ప్రాంతానికి వచ్చింది. ఇక్కడ సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లకు ముగిశాక, తనిఖీ చేయించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. మాది 2024లో పొడిగించాం, 2029 దాకా ఉంది. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఆ ఫీజు బాగా పెంచారు. అప్పటికి ఉంచాలా వద్దా అన్నది అప్పుడు చూస్తాం.

ప్రస్తుతానికి గ్లవ్ బాక్స్‌లో ఒక నోట్‌బుక్ ఉంది. ఏ పార్ట్ ఎప్పుడు మార్చామో అందులో కిలోమీటర్ల కంటే ముందు తేదీ రాస్తున్నాం. మొదటి పేజీలో మొదటి వరుస రేడియేటర్ మూత. ఆ కింద రెండు హోసులు, బ్రేక్ ఫ్లూయిడ్, నాలుగు టైర్లు. టైమింగ్ బెల్ట్ ఎదురుగా ఇంకా ఏమీ రాయలేదు. వచ్చే శనివారం మేస్త్రి రమ్మన్నాడు.